పడమటి పేట మరమ్మతు ఖర్చు

నమోదు 1. సోమవారం

గ్రూపు కంపెనీల ఉమ్మడి రిటర్ను మీద సంతకం పెట్టే మనిషి, నియామకం అయిన రోజు నుంచి పన్నుల శాఖ ఆ రిటర్నును స్వీకరించే రోజు దాకా ఇలా దినచర్య రాయాలని చట్టం. ఏం చూశాం, ఎవరితో ఏం మాట్లాడాం, దేన్ని ఎందుకు నమ్మాం అన్నీ రాయాలి. స్వీకరించిన రోజున ఇది కూడా రిటర్నుకు జతవుతుంది. అప్పటిదాకా నేనూ, పరిశీలించే శాఖ అధికారీ తప్ప ఎవరూ చదవకూడదు. ఎవరో చదువుతారనే నా అనుమానం. చదివేవాళ్లకు ముందుగానే నమస్కారం.

నా పేరు ఇందుమతి. నీలంచు గ్రూపు పన్నుల విభాగంలో చేరి మూడేళ్లయింది. నిన్నటిదాకా రిటర్ను మీద శేషగిరిగారు సంతకం పెట్టేవారు. శనివారం నా బల్ల దగ్గరికొచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, ఏమీ మాట్లాడకుండా వెళ్లారు. ఈరోజు ఆయన కుర్చీ ఖాళీ. గట్టుకు బదిలీ అడిగారట. కొత్తలంకలో, ఈ నీళ్ల మీద తేలే ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. గట్టు మీద కాలు పెడితే నేల కదలక కళ్లు తిరుగుతున్నాయని సొంత మేనకోడలి పెళ్లికే వెళ్లలేదు. ఆయన బదిలీ అడిగారంటే నేను నమ్మను.

విభాగాధిపతి అచ్యుతరాజుగారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనరు.

"నీకంటే సీనియర్లు ఇద్దరున్నారమ్మా. అయినా నీ పేరే చెప్పాను. నమ్మకమైన పిల్లవి" అన్నారు.

సీనియర్లను కాదని నన్నెందుకు ఎంచుకున్నారో చెప్పలేదు. నాకు మేలు జరిగినప్పుడల్లా అది ఎవరికి లాభమో వెతకడం నా అలవాటు. ఇంకా దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క పొయ్యితో గొడవ పడుతోంది. పడమటి పేటలో మా ఇంటి ముందు గదే అక్క టిఫిను కొట్టు. పెనం మీద పోసిన పిండి ఒకవైపుకే జారుతోంది. దోసె ఒక అంచున దిబ్బరొట్టెలా, రెండో అంచున కాగితంలా వస్తోంది.

"పొయ్యి కాలు అరిగిపోయినట్టుందే. ఓ అట్టముక్క పెట్టు" అంది.

మడిచి పెట్టాను. పిండి నిలబడింది. పొయ్యిని నాలుగు వైపుల నుంచీ చూశాను. ఏ కాలూ అరగలేదు.

నమోదు 2. గురువారం

నేను రోజూ అక్క కొట్లో గిన్నెలు కడుగుతాను. దానికి అక్క నాకు కూలి ఇచ్చినట్టు రాసినా, నేను ఆదాయం వచ్చినట్టు రాసినా, మా ఇంటికి బయటి నుంచి వచ్చిందేమీ లేదు, పోయిందేమీ లేదు. ఉమ్మడి రిటర్ను అంటే దాదాపు అంతే. నీలంచు గ్రూపులో పదకొండు కంపెనీలు. వాటిలో అవి చేసుకున్న పనులన్నీ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. బయటివాళ్లతో జరిగిందే మిగులుతుంది.

చిక్కల్లా లెక్క రాసే పద్ధతి దగ్గర వస్తుంది. కొత్తలంక ఏడు పేటలకూ సొంతదారు నీలంచు నివాస్. దానిది మర్కంటైల్ పద్ధతి. డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, పని జరిగి బాకీ పడితే ఆ ఏడే ఖర్చు రాసుకుంటుంది. పేటల కింద తేలే పీపాలను బాగుచేసేది నీలంచు మెరైన్. దానిది క్యాష్ పద్ధతి. డబ్బు చేతిలో పడిన ఏడే ఆదాయం రాస్తుంది. బయటివాళ్లతో ఎవరి పద్ధతి వాళ్లది. గ్రూపు లోపలి పనికి మాత్రం ఇద్దరూ ఒకే ఏడు రాయాలని నిబంధన. లేకపోతే ఒకరు ఖర్చు ముందే రాసేసుకుంటారు, రెండోవారు ఆదాయం ఎప్పటికీ రాయరు.

సరిగ్గా అదే జరిగింది. పడమటి పేట పీపాల మరమ్మతు ఖర్చు నివాస్ మూడేళ్లుగా రాస్తోంది. ఆ ఖర్చు చూపించి మా పేటవాళ్ల దగ్గర నెలనెలా రుసుము కూడా వసూలు చేస్తోంది. నేనూ కడుతున్నాను. మెరైన్ వైపు మాత్రం ఆదాయం లేదు.

మా లెక్కలన్నీ కలిపే యంత్రాన్ని కూర్పరి అంటాం. దానికి మర్యాద ఎక్కువ.

"ఈ మరమ్మతు ఖర్చు ఏం చేశావు?" అని అడిగాను.

"లోపలి లావాదేవీ అండీ. కొట్టివేశాను."

"రెండో వైపు లేకుండా ఎలా కొట్టేశావు?"

"రెండో వైపు త్వరలో వస్తుందని అచ్యుతరాజుగారు ఏటా హామీ ఇస్తున్నారు."

"నువ్వు నమ్మావా?"

"హామీ నమోదయింది" అంది. నమ్మానని అనలేదు.

నమోదు 3. శుక్రవారం

అచ్యుతరాజుగారిని అడిగాను. నవ్వారు. తమలపాకు చుట్టుకుంటూ, చాలా తీరిగ్గా చెప్పారు.

"పద్ధతులు వేరు కావడం వల్ల వచ్చిన తేడా తల్లీ అది. నువ్వు పట్టుకున్నావు, సంతోషం. మెరైన్ వైపు ఆదాయం కూడా రాసెయ్. రెండూ కొట్టుకుపోతాయి. పన్ను ఒక్క రూపాయి మారదు."

"మెరైన్‌కి డబ్బు అందలేదండీ."

"లోపలి పనికి డబ్బు అందాల్సిన పన్లేదు కదా. నిబంధన నీకు నేను చెప్పాలా?"

నిజమే. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. తప్పు లేకపోవడమే నాకు నచ్చలేదు.

"అయితే పని పూర్తయినట్టు మెరైన్ చేత చెప్పించుకుని రాస్తాను. పని జరక్కుండా బాకీ పుట్టదు కదండీ" అన్నాను.

ఆకు చుడుతున్న చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత, "మీ అక్కయ్యగారు కులాసానా?" అని అడిగారు. మా అక్క ఆయనకు తెలుసని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

నమోదు 4. ఆదివారం

మా వీధి తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. గడియ పెట్టకపోతే పడమటికి ఊగి గోడకు కొట్టుకుంటోంది. స్నానాలగదిలో నీళ్లు తూము వైపు పోవడం మానేసి ఎదురు మూలకు చేరుతున్నాయి. వీధి చివర నూకాలమ్మగారి గుమ్మం ముందు మడుగు కట్టింది. ఆవిడ చీపురుతో నీళ్లు తోస్తుంటే అవి మళ్లీ వెనక్కి వస్తున్నాయి. మూడేళ్ల మనవరాలు దాన్ని ఆటనుకుని కాగితం పడవలు వేస్తోంది.

నివాస్ ఆఫీసు వాళ్లు మైకులో చెప్పిపోయారు: పడమటి గాలి వల్ల పేట కొంచెం ఒరిగిందనీ, గాలి తగ్గగానే సర్దుకుంటుందనీ. గాలి నిన్ననే తగ్గింది.

అక్క ఈమధ్య మధ్యాహ్నాలు ఎక్కడికో వెళ్తోంది. అడిగితే కమిటీ పని అంటుంది. పేట కమిటీకి అక్కే పెద్ద. ఈరోజు వెనకాలే వెళ్లి చూశాను. కమిటీ గదికి వెళ్లలేదు. పేట చివర కమ్మీ పట్టుకుని, వంగి, కింద నీళ్లకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. నన్ను చూడగానే చెంగుతో మొహం తుడుచుకుని, "ఉక్కగా ఉందే" అంది.

నా పక్క బల్ల మనిషి చెప్పిందాన్ని బట్టి, మెరైన్ మేనేజరు ఓలేటి వీరవేణి ఈ ఏడు సొంతానికి రెండు పెద్ద పడవలు కొంది. జీతం మీద బతికే మనిషికి రెండు పడవలెలా వస్తాయి? పని చేయించి, డబ్బు పక్కదారి పట్టించి, లెక్కలో రాయలేదన్నమాట. నా అనుమానానికి ఇప్పుడొక పేరు దొరికింది.

నమోదు 5. మంగళవారం

మెరైన్ యార్డు తూర్పు పేట అంచున ఉంది. వీరవేణి గట్టి గొంతు మనిషి. కూలీలను కేకలేస్తూనే నాకు కుర్చీ చూపించింది.

"ఆయ్, రండి రండి. పన్నులోళ్లు మా యార్డుకి రావడం ఇదే మొదలు."

"పడమటి పేట పీపాలు బాగుచేశారా?"

"మీ లెక్కల్లో చేసినట్టుందా?"

"ఉంది."

"అయితే చేసినట్టేనండి. మళ్లీ నన్నడగడమెందుకు?"

ఆమె వెనక కొత్త పడవలు రెండూ టార్పాలిన్ కింద ఉన్నాయి. ఎందుకని అడిగితే చేపలకంది. వలలు లేవు, ఐసు పెట్టెలు లేవు. వరసగా కూర్చునే బల్లలున్నాయి. నేను చూడటం ఆమె చూసింది.

"సరే అండీ. మూడేళ్ల మరమ్మతు ఆదాయం మెరైన్ వైపు రాసేస్తున్నాను. పదకొండు కంపెనీలూ పన్నును పంచుకునేది ఎవరి ఆదాయం లెక్కన వారే కాబట్టి మీ వాటా పెరుగుతుంది. బోనసుల్లోంచి పోతుంది. ముందే చెప్పడం ధర్మమని వచ్చాను" అని లేచాను.

"ఏంటండీ? చెయ్యని పనికి ఆదాయం రాసేత్తారా?"

యార్డు మొత్తం మా వైపు తిరిగింది. ఆమెకు తన నోట్లోంచి వచ్చిందేమిటో అప్పుడు అర్థమయింది. కూలీలను దూరంగా పంపించి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మొదటేడు సామాను దింపామండి. పడవలెక్కే టయానికి పైనుంచి ఆపమన్నారు. డబ్బు మా చేతికి రాలేదు, మేం రాసుకోలేదు. అంతవరకే నాకు తెలుసు."

"జరగలేదని ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పడానికి నన్నెవరడిగారు? పని బాగా జరిగింది, మాకు తృప్తిగా ఉందని పేట తరఫున ఒప్పేసుకున్నోళ్లున్నారుగా. ఎల్లి వాళ్లనడగండి."

"ఎవరు వాళ్లు?"

నాకేసి జాలిగా చూసింది. "మీ ఇంట్లోనే ఉన్నారండి."

నమోదు 6. అదే రోజు

అక్క మినప్పప్పు కడుగుతోంది. ఎదురుగా కూర్చుని అడిగేశాను. బుకాయిస్తుందనుకున్నాను. బుకాయిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"అవునే. నేనే పెట్టాను సంతకం" అంది, కడగడం ఆపకుండా.

"చూడకుండానా?"

"మొదటేడు, వారంలో పని మొదలెట్టేత్తాం, ముందు పేట వొప్పుకోలు కావాలన్నారు. నమ్మాను. రెండో ఏడు నమ్మలేదు. అయినా పెట్టాను."

"ఎందుకు?"

అక్క నీళ్లు వంపి, పప్పు గట్టిగా పిండి, ఇంకో గిన్నెలో వేసింది.

"అక్కా, ఎందుకని అడుగుతున్నాను."

"నీకు ఉద్యోగం ఎలా వచ్చిందనుకున్నావే? పరీక్ష రాసినోళ్లు వందమంది. మీ అచ్యుతరాజుగారు ఇక్కడే, ఈ బల్ల మీదే కూర్చుని రెండిడ్లీ తిని, మీ చెల్లెల్ని మేం చూసుకుంటామండీ అన్నారు. ఆయన చూసుకున్నాడు. నేను సంతకం పెట్టాను."

అమ్మ పోయాక అక్కే నన్ను పెంచింది. ఆ పరీక్షలో ర్యాంకు వచ్చిందని నేను మూడేళ్లుగా మనసులో గర్వపడుతున్నాను. సీనియర్లను కాదని నన్ను ఎందుకు సంతకదారును చేశారో ఇప్పుడు తెలిసింది. నేను నోరు తెరిస్తే ముందు పోయేది మా అక్కే. నమ్మకమైన పిల్లవి అంటే అర్థం అదన్నమాట.

అన్నం తినకుండా లేచాను. అక్క కూడా తినలేదు.

నమోదు 7. బుధవారం

చెప్పుడు మాటల మీద రిటర్ను రాయకూడదు. కింద చూడాలని వీరవేణిని అడిగాను. ఒప్పుకుంది. ఉదయమే చిన్న పడవలో పేటల కిందికి వెళ్లాం. పైన ఇళ్లూ వీధులూ, కింద తలకు తగిలేంత ఎత్తులో ఇనుప దూలాలు, రెండు వైపులా వరసగా పీపాలు. పీపా అంటే చిన్నది కాదు, ఒక్కొక్కటీ గదంత ఉంటుంది. లోపల గాలి తప్ప ఏమీ ఉండకూడదు.

తూర్పు పేట కింద వీరవేణి సుత్తితో ఒక పీపాను కొట్టింది. గుడిగంట కొట్టినట్టు మోగింది. పక్కదీ మోగింది. పడమటి పేట కిందికి వచ్చేసరికి దూలాలు ఇంకా కిందికొచ్చాయి. వంగి కూర్చున్నాం. అక్కడి పీపాలు నీటికి జానెడు పైకి మాత్రమే ఉన్నాయి. సుత్తి నా చేతికిచ్చింది. కొట్టాను. తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టయింది. ఇంకోటి, ఆ పక్కది, దాని వెనకది. ఒక్కటీ మోగలేదు. అతుకుల నిండా గవ్వలు పట్టి ఉన్నాయి. మూడేళ్లలో మనిషి చెయ్యి పడిన గుర్తు ఎక్కడా లేదు.

"ఎన్నాళ్లు ఆగుతుంది?" అని అడిగాను.

"గట్టి వాన పడాలండి. పైన నీళ్ల ట్యాంకులు నిండితే ఆ బరువుకి పోద్ది."

"ఆ పడవలు..."

"మా అమ్మా, అన్నయ్యలూ పడమటి పేట చివర్లోనే ఉంటారు. టయానికి తెచ్చేసుకుందామని అప్పు చేసి కొన్నాను."

"మిగతావాళ్లు?"

వీరవేణి తెడ్డు వేయడం ఆపింది. పడవ దానంతటది పీపాకు ఆనుకుంది. "మీరు నన్ను దొంగనుకున్నారు కదండీ. దొంగనైనా బాగుండేది" అంది.

నమోదు 8. గురువారం

అచ్యుతరాజుగారికి చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన తలుపు వేసి, ఈసారి తమలపాకుల జోలికి పోకుండా మాట్లాడారు.

"నువ్వు సంతకం పెట్టిన మర్నాడు నివాస్ మన గ్రూపులోంచి వెళ్లిపోతోందమ్మా. అమ్మేశాం. కొన్నవాళ్లు బాగుచేయించుకుంటారు."

"కొన్నవాళ్లకు తెలుసా?"

"వాళ్లు చూసేది ఉమ్మడి రిటర్ను. లోపలి పని అందులో కనబడదు. చేసినా కనబడదు, చెయ్యకపోయినా కనబడదు."

"పేటలో మనుషులున్నారండీ."

"మనుషులున్నారనే ఈ అమ్మకం తొందరగా అవ్వాలంటున్నాను. నువ్వు ఆపితే కొనేవాడూ పోతాడు, బాగుచేసేవాడూ ఉండడు. పోనీ పని జరగలేదని రాస్తావనుకో. జరిగిందని పేట తరఫున ఒప్పుకున్నదెవరో కూడా రాయాలి. ఆలోచించుకో."

సీటుకు వచ్చి కూర్చున్నాను. కాసేపు నిజంగానే ఆలోచించాను. రెండు వైపులా రాసేస్తే పన్ను మారదు, అక్క పేరు బయటికి రాదు, నా ఉద్యోగం ఉంటుంది. ఆ సుత్తి దెబ్బ చప్పుడు చెవిలోంచి పోలేదు.

నివాస్ రాసుకున్న మూడేళ్ల ఖర్చునూ లెక్కలోంచే తీసేయమని కూర్పరికి చెప్పాను.

"కారణం?"

"పని జరగలేదు. బాకీ పుట్టలేదు. స్వయంగా చూశాను."

"విభాగాధిపతిగారి అనుమతి?"

"సంతకదారు మాట చాలదా?"

 "చట్టప్రకారం చాలండీ. పన్ను మారదు కానీ, ఈ కారణం రిటర్నులో కనబడుతుంది. పంపించమంటారా?"

పంపించమన్నాను. సంతకం పెట్టాను. శాఖ నుంచి వెంటనే జవాబు వచ్చింది: అందింది, వరుస ప్రకారం పరిశీలిస్తాం.

నేను ఆఫీసు మెట్లు దిగుతుంటే దక్షిణాన మబ్బు నల్లగా పట్టి ఉంది.

నమోదు 9. శుక్రవారం

నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ నమ్మలేదు. వలలు అల్లే కాసులు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"బాగుచేసేశారని మీ అక్కే కదండీ మైకులో చెప్పింది? ఇప్పుడు మీరొచ్చి మునిగిపోద్దంటారు. ఇళ్లు కారుచౌకగా ఎవరికైనా కొనిపెడుతున్నారా ఏంటి?"

మనుషుల్ని అనుమానించడమే నా బతుకు. అవతలివాళ్లు నన్ను అలా చూస్తే ఎలా ఉంటుందో నిన్న తెలిసింది.

ఇంటికొచ్చి అక్కతో, "వాళ్లు నా మాట వినరు. నువ్వు చెప్పాలి" అన్నాను. అటు తిరిగి పడుకుంది. పొద్దున లేచి మామూలుగా పొయ్యి వెలిగించింది. చెప్పదనుకున్నాను.

కొట్టు నిండింది. కాసులు, నూకాలమ్మగారూ, కమిటీవాళ్లూ అందరూ ఉన్నారు. అక్క అట్లకాడ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బల్లల మధ్యలోకి వచ్చి నిలబడింది.

"మన పీపాలు బాగుచెయ్యలేదు. చేసినట్టు నేను సంతకం పెట్టాను. మూడేళ్లూ నేనే పెట్టాను. రేపో మాపో పేట పోద్ది. తినడం అయ్యాక ఇంటికెళ్లి సామాన్లు కట్టుకోండి."

ఎవరూ నమలడం లేదు.

"ఎంతిచ్చారు?" అన్నాడు కాసులు.

"డబ్బు కాదు. చెల్లికి ఉద్యోగం."

అందరూ నావైపు తిరిగారు. నేను తల దించుకోలేదు. దించుకుంటే ఇదంతా తెలిసే చేశాననుకుంటారు. ఎత్తుకుని ఉండటమూ అంత తేలిక కాలేదు.

నూకాలమ్మగారు ప్లేటు కింద పెట్టింది. "మా మనవరాలు రోజూ నీ బల్ల కిందే కూకుని ఆడుకుంటాదే. దాన్ని చూసినప్పుడు కూడా నీకు చెప్పాలనిపించలేదా?"

అక్క ఆ ప్లేటు తీయడానికి వంగింది. 

కాసులు లేచి పిండి గుండిగను కాలితో తన్నాడు. పిండి నేల మీద పడి, అందరూ చూస్తుండగా, పడమటి గోడ వైపుకు ఏరులా పారింది. వాళ్లకు దాన్ని మించిన రుజువు అక్కర్లేకపోయింది. ముందు బయటికి పరిగెత్తింది కాసులే. పిల్లల్ని పిలుస్తూ, ఇంటింటి తలుపులూ బాదుతూ వెళ్లాడు.

నమోదు 10. ఆదివారం

శుక్రవారం సాయంత్రం నుంచి వాన. శనివారం మధ్యాహ్నానికి పేటంతా ఖాళీ అయింది. వంతెన మీద కొందరు నడిచారు, మిగతావాళ్లను వీరవేణి తన రెండు పడవల్లో తూర్పు పేటకు చేర్చింది. వాళ్ల అమ్మను చివరి విడతలో ఎక్కించింది. అలా చేయమని ఎవరూ అడగలేదు.

పడమటి పేట ఒరుగుతూ పక్క పేటను కూడా లాగడం మొదలుపెట్టింది. కట్టిన ఉక్కుతాళ్లు కోసేయాలి. కోయడానికి నివాస్ అనుమతి కావాలి. ఆఫీసులో ఎవరూ పలకలేదు. వీరవేణి అనుమతి కోసం ఆగలేదు. కోసే ముందు అక్క పేరు పేరునా అందరినీ పిలిచింది. అందరూ పలికారు. నూకాలమ్మగారు కూడా పలికింది. నేను విన్నాను.

పలికి, మళ్లీ వంతెన దాటి వెళ్లింది. ఇంట్లో కోడిపెట్టలు ఉండిపోయాయని కోడలితో అన్నదట. కోడలు అత్తగారు వెళ్లరనుకుంది. తాళ్లు తెగాక, పేట ఒక పక్కకు వాలుతుండగా, వీధి చివర ఆవిడ గంపతో కనిపించింది. వీరవేణి పడవ తిప్పింది, కానీ అందలేదు. మా పేట పెద్ద చప్పుడేమీ చేయలేదు. ఇళ్ల కప్పులు వరసగా నీళ్లలోకి దిగాయి, అంతే.

ఈరోజు ఉదయం నూకాలమ్మగారు దొరికింది. చివరి చూపుకు అక్క వెళ్లబోతే ఆవిడ కొడుకు అడ్డం నిలబడ్డాడు. అక్క దూరంగా, వానలోనే, అంతా అయ్యేదాకా నిలబడి ఉంది.

నమోదు 11. సోమవారం

మూడు వారాలు రాయలేదు. రాయకపోవడం తప్పని తెలుసు.

తూర్పు పేట బడిలో ఉంటున్నాం. పడమటి పేట మునిగిపోవడంతో శాఖ మా రిటర్నును వరుసలోంచి ముందుకు తీసింది. నివాస్ అమ్మకం ఆగిపోయింది. అచ్యుతరాజుగారిని విచారిస్తున్నారు. పని జరిగిందని పేటవాళ్లు చెప్తే నమ్మామనీ, అంతకు మించి తమకేమీ తెలియదనీ ఆయన వాదన. శేషగిరిగారు గట్టు మీద నుంచి కబురు పంపారు: సాక్ష్యం చెప్తారట. నిరుడు తను సంతకం పెట్టాననీ, ఈసారి పెట్టలేకపోయాననీ అన్నారు.

ఈరోజు శాఖ అధికారి హసీనాగారు వచ్చారు. వయసు నా కంటే తక్కువ ఉంటుంది. దినచర్య అంతా చదివారు. నేను ఎదురుగా కూర్చుని ఆవిడ మొహమే చూస్తున్నాను. చివరికి తల ఎత్తారు.

"రేపు స్వీకరిస్తున్నామండీ. జతచేస్తే ఇది ఎవరైనా చదవొచ్చు. ఒక సంగతి మీకు చెప్పాలి. సంతకదారు కోరితే దగ్గరి బంధువు ప్రస్తావన తీసేయొచ్చు. చట్టంలో ఉంది. చాలామంది తీయించుకుంటారు."

"తీసేస్తే ఆమె మీద కేసు ఉండదా?"

"ఈ దినచర్య ఆధారంగా ఉండదు. ఉంచితే, ఒక మనిషి చనిపోయిన కేసు కాబట్టి, జైలు కూడా పడొచ్చు."

ఇంత మంచిగా ఎందుకు చెప్తున్నారని మొదట ఆవిడనూ అనుమానించాను. ఎవరైనా పంపారేమోనని ఆమె కళ్లలోకి చూశాను. ఏమీ కనబడలేదు. తెల్లారేదాకా గడువిచ్చి వెళ్లిపోయారు.

అక్క బడి వెనక ఉల్లిపాయలు తరుగుతోంది. అందరికీ కలిపి చేసే వంటలో ఎవరూ ఆమెను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేను కూర్చుని సంగతంతా చెప్పాను. తీసేద్దామనుకుంటున్నానని కూడా చెప్పాను. నాకు మిగిలింది అక్క ఒక్కతే.

"నన్ను తీసేత్తే, అచ్యుతరాజుగారు బేరమాడింది ఎవరితో అని రాత్తావే?" అంది.

నేనూ ఒక ఉల్లిపాయ తీసుకుని పొట్టు ఒలవడం మొదలుపెట్టాను.

"పేటవాళ్లు చెప్పారంటన్నాడుగా ఆయన. పేటవాళ్లంటే ఎవరు? కాసులా? నూకాలమ్మా? ఆ మాట వాళ్ల మీదే పడి ఉండిపోద్ది. నూకాలమ్మ మనవరాలు పెద్దదై ఇది చదివితే, వాళ్ల నాన్నమ్మ కూడా వొప్పుకుందేమో అనుకుంటాది."

"జైలంటున్నారక్కా."

"విన్నాను." కత్తిపీట పక్కకు జరిపి, కళ్లు భుజానికి తుడుచుకుంది. ఉల్లిపాయలే అయ్యుండొచ్చు. "నీ రాతల్లో ఎక్కడ చూసినా అక్క అనే రాసి ఉంటావు. అక్కంటే లోకంలో ఎంతమంది లేరు? పేరు రాయి. ఇంటిపేరుతో సహా రాయి."

అలాగే రాస్తున్నాను. ఈ దినచర్యలో అక్క అని ఉన్న ప్రతిచోటా ఆ మనిషి గుబ్బల భ్రమరాంబ. పడమటి పేట కమిటీకి పెద్ద. నాకు తోడబుట్టినది.